ఒక్కో పార్టే మార్చే మనిషి

మా ఆయన మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసేవారు. వీధిలో అందరికీ ఆయన మిక్సీ మావయ్యే. పనిలో ఆయనకో పట్టింపు ఉండేది: ఒకేసారి రెండు పార్టులు మార్చేవారు కాదు. ఒకటి మార్చి, ప్లగ్గు పెట్టి చూసేవారు. తిరగకపోతే దాన్ని తీసేసి రెండోది వేసేవారు. "రెండూ కలిపి మార్చేస్తే లోపం దేంట్లో ఉందో ఎలా తెలుస్తుందే?" అనేవారు. అందుకే ఆయన దగ్గర పార్టు దండగయ్యేది కాదు, ఎవరిచేతా మాటపడేవారూ కాదు.

ఒకసారి ఆయనకు బీపీ బాగా ఎక్కువుందని డాక్టరమ్మ రెండు మాత్రలు రాసింది. "మీకు ఒక్కదాంతో దిగదండీ. ఒకటి రక్తనాళాల్ని వదులు చేస్తుంది, ఇంకోటి ఒంట్లో ఎక్కువైన ఉప్పూ నీరూ బయటికి పంపిస్తుంది. రోజూ రెండూ వేసుకోవాలి" అని విడమరిచి చెప్పింది. ఈయన బుద్ధిమంతుడిలా తలూపారు. ఇంటికి రాగానే ఒక మాత్రల అట్ట తీసి అల్మారా మీద పెట్టేశారు.

"అదేంటండీ?"

"ముందు ఇది పనిచేస్తుందేమో చూడనీ. తర్వాత అది."

"మీరేమన్నా మిక్సీనా?"

"మిక్సీ నయం, నీలా నస పెట్టదు" అని నవ్వారు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. కొన్నాళ్లు తెల్ల మాత్ర, కొన్నాళ్లు పసుపు మాత్ర. అరిచాను, అలిగాను, దణ్ణం పెట్టాను. మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి రమ్మంటే పరీక్ష పూర్తయ్యాక వస్తానన్నారు. ఏం పరీక్షో, ఏం పాడో!

ఒకరోజు పొద్దున కొట్లో ఆయన చేతిలోని స్క్రూడ్రైవర్ జారిపోయింది. వంగి తీయబోతే వేళ్లు పట్టలేదు. "చెయ్యి నా మాట వినట్లేదే" అన్నారు. మూతి ఒక పక్కకు పోయింది. ఆస్పత్రిలో ప్రాణం నిలబెట్టారు గానీ కుడిచెయ్యి మళ్లీ లేవలేదు. ఇప్పుడు రెండు మందులూ కలిసున్న ఒకే మాత్ర ఇస్తున్నారు. విడదీయడానికేం లేదు. రోజూ నోరు తెరిచి వేసుకుంటారు. చేతులు కాలాక ఆకులు!

కొట్లో పని ఇప్పుడు నాది. ఆయన స్టూలు మీద కూర్చుని చెబుతారు. నిన్న తిరగని మిక్సీ ఒకటి వచ్చింది. లోపం మోటారులోని కార్బన్ బ్రష్షులదో, స్విచ్చిదో. ఆయన నేర్పినట్టే బ్రష్షులు మార్చి ప్లగ్గు అందుకోబోయాను.

"ఆగవే. స్విచ్చి కూడా మార్చెయ్." మాట ముద్దగా వచ్చింది.

"రెండూ కలిపి మారిస్తే ఎలా తెలుస్తుందండీ?"

"తెలియకపోతే ఏం? తిరిగితే చాలదూ" అన్నారు, కుడిచేతిని ఎడమచేత్తో ఒళ్లోకి లాక్కుంటూ.

ఎంత కోపమొచ్చిందో నాకు! ఆ మాటేదో అప్పుడే అని ఉంటే ఆ చెయ్యి ఇవాళ స్విచ్చి బిగిస్తూ ఉండేది. కళ్లు తుడుచుకుని కొత్త స్విచ్చికి స్క్రూ వెతుక్కున్నాను.