నాయనకు పెట్టిన గోధుమ హల్వా

టీ గ్లాసు పక్కన పెట్టి వినండి, మధ్యలో నవ్వు వస్తే మీదబడతాది. మొన్న శనివారం మా ఇంట్లో హల్వా చేసినాను. తిన్నది ఎవరో తెలుసా? మా నాయన కాదు, మా ఆయన కాదు, నేనూ కాదు. పక్కింటి బర్రె.

మొదటినుంచీ చెప్తా. మా నాయన మర్రిపాడులో మా అన్న దగ్గర ఉంటాడు. అమ్మ పోయినాక బాగా చిక్కిపోయినాడు. నాలుగు దినాలు మా ఇంట్లో ఉంచుకుని కడుపునిండా పెట్టాలని నాకు ఆశ. ఆయనేమో పొద్దున ఉదయగిరిలో బస్సు దిగి సాయంత్రం బస్సు ఎక్కేస్తాడు. ఉండు నాయనా అంటే, "గొర్రెలను ఎవరు చూస్తారుమే?" అంటాడు. గొర్రెలకేం, అన్న చూస్తాడు, వదిన చూస్తాది. అసలు సంగతి నా వంట. అన్నం ముందు అందరూ ప్రార్థన చేసుకుంటారు కదా. నేను వండిన దినం మా నాయన రెండుతూర్లు చేస్తాడు, తినేముందు ఒకటి, తిన్నాక ఒకటి.

పోయిన నెలలో ఆయన మిగిలిన పళ్లు కూడా పీకించుకున్నాడు. చూసొద్దామని పోతా, మా పక్కింటి మస్తాన్‌బీ అక్క రంజాన్‌కు చేసిన గోధుమ హల్వా డబ్బాలో పెట్టిస్తే తీసకపోయినాను. అబ్బ, ఆ అక్క చేతి హల్వా అద్దంలాగ మెరస్తాది, నోట్లో పెడితే నమిలే పనే లేదు. నాయన ఒక ముక్క తిన్నాడు, ఇంకోటి తిన్నాడు, డబ్బా ఖాళీ చేసినాడు. అమ్మ పోయినాక ఆయన అట్లా అడిగి తినడం నేను చూళ్లేదు. వేలు నాకతా, "నువ్వే చేసినావామే?" అన్నాడు.

నా నోరు కాలిపోను. "అవును నాయనా" అన్నాను.

ఇంకేముంది, పోయిన వారం కార్డు వచ్చింది. శనివారం వస్తా ఉండాను, హల్వా చేసి పెట్టు అని. కార్డు పట్టుకుని గోడ దగ్గరికి పరిగెత్తినాను. మస్తాన్‌బీ అక్క చేతిలో సంచి పట్టుకుని గడప దిగతా ఉండాది. ఆత్మకూరులో చెల్లెలు కాన్పు, బస్సు టైమయింది, మళ్లా శనివారం సాయంత్రానికి గానీ రాదంట.

"అక్కా, హల్వా ఎట్లా చేస్తారో చెప్పి పో, నా మానం నీ చేతిలో ఉండాది" అన్నాను.

అక్క నడస్తానే చెప్పింది. "గోధుమలు మూడు దినాలు నానబెట్టు టీచరమ్మా, దినమూ నీళ్లు మార్చు. మెత్తగా రుబ్బు. గుడ్డలో వేసి పిండి పాలు తీసేయ్. మళ్లా నీళ్లు పోసి పిండు, మళ్లా తీసేయ్. మూడుతూర్లు. పిప్పిలో చుక్క పాలు ఉండకూడదు. అంతే, బెల్లం నెయ్యి వేసి పొయ్యి మీద కలపతా ఉండు, చెయ్యి ఆపొద్దు." బస్సు హారన్ కొట్టింది. అక్క ఎక్కేసింది.

ఎంత సులువు అనుకున్నాను. రేషన్ షాపులో ఈ నెల బియ్యం తగ్గించి గోధుమలు ఇచ్చినారు కదా, అవి రాళ్లేరి నానబోసినాను. మూడో దినానికి పులిసిన వాసన. సోమశిల డ్యామ్ పనిలో ఉండే మా ఆయన శుక్రవారం ఇంటికి రాంగానే, "ఏంది రూతూ, ఇంట్లో ఏమన్నా చచ్చిందా?" అన్నాడు. హల్వా అని చెప్పినాను. పోయి కిటికీ తెరిచినాడు.

శనివారం పొద్దున రోట్లో వేసి రుబ్బినాను. గుడ్డ చెరో కొస పట్టుకుని మెలిపెట్టి పిండినాము. తెల్లగా, చిక్కగా, గిన్నెనిండా దిగింది. మనింట్లో తెల్లనీళ్లు యాడికి పోతాయి? గంజి వార్చినా, బియ్యం కడిగినా, మస్తాన్‌బీ అక్క బర్రె కుడితి తొట్టిలోకే కదా. తీసకపోయి పోసేసినాను. రెండోతూరి పిండింది పోసినాను, మూడోతూరిదీ పోసినాను. బర్రె తల ఎత్తకుండా తాగతా ఉండాది.

మా ఆయన మాత్రం ఒకమాట అన్నాడు. "ఇంత చిక్కటిది పారబోస్తా ఉండావే, సరిగ్గా విన్నావా?"

"మీరు డ్యామ్‌లో సిమెంటు సంగతి చూసుకోండి. పాలు తీసేయ్, చుక్క కూడా ఉండకూడదు అని అక్క నా ముందర చెప్పింది" అన్నాను. ఆయన మళ్లా గుడ్డ పట్టుకుని నరాలు తేలేట్టు పిండినాడు పాపం.

పిప్పి తీసకపోయి బాణలిలో వేసినాను. బెల్లం పోసినాను, నెయ్యి పోసినాను. మన ఊళ్లో చేసిన పెద్ద కొయ్య గరిటె తీసుకుని కలపతానే ఉండాను. గంటయింది. మెరవదే. ఇంకొంచెం నెయ్యి. తాగేసింది. ఇంకొంచెం. అదీ తాగేసింది. రెండు నెలలుగా దాచిన నెయ్యి సీసా బోర్లించినాను. చివరకు గరిటె పైకెత్తితే బాణలి కూడా పైకి లేస్తా ఉండాది. సైకిల్ ట్యూబు కరగబెట్టినట్టు ఉండాది కానీ, చల్లారితే అదే అవతాదిలే అని తట్టలోకి దించి ముక్కలు కోసినాను. కోసినానా, కత్తిపీట మీద ఇద్దరం కూర్చుని లాగినాము.

మధ్యాహ్నం నాయన దిగినాడు. సంచి కూడా తేలేదు, సాయంత్రం బస్సుకు పోయేట్టే వచ్చినాడు. కాళ్లు కడుక్కుని, ప్రార్థన చేసుకుని, పెద్ద ముక్క నోట్లో వేసుకున్నాడు.

ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు తిప్పినాడు. ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు. మేం అన్నాలు తిన్నాము, కంచాలు కడిగినాను, నాయన బుగ్గ ఇంకా ఉబ్బే ఉండాది.

"ఎట్లుండాది నాయనా?"

"ఇంకా లోపలికి పోలేదుమే, పోయినాక చెప్తా" అన్నాడు. పాపం, ఉమ్మేయడు. కూతురు చేసింది కదా. నాకు ఏడుపొచ్చింది. ఈయన ఇంక ఈ జన్మకు నా ఇంట్లో ఒక పూట ఉండడు అనుకున్నాను.

నాయన బస్సుకు లేస్తా ఉండగానే మస్తాన్‌బీ అక్క దిగింది. ఇంట్లోకి కూడా పోలేదు, తొట్టి దగ్గర నిలబడి కేక పెట్టింది. "యా అల్లా, నా బర్రె తొట్టిలో గోధుమ పాలు పోసింది ఎవరు?"

తొట్టి అడుగున తెల్లగా గడ్డ పేరుకుని ఉండాది. బర్రె దాన్ని నాకతా, పచ్చగడ్డి వేసినా మొహం తిప్పుకుంటా ఉండాది.

"నువ్వే కదక్కా పాలు తీసేయ్ అన్నావు" అన్నాను.

"తీసేయ్ అంటే గిన్నెలోకి తీసేయ్ అని. ఆ పాలే హల్వా తల్లీ. పిప్పి పారబోస్తారు. పిప్పి ఏం చేసినావు?"

ముగ్గురం నాయన బుగ్గ వైపు చూసినాము.

నాయన నిదానంగా ముక్క అరచేతిలోకి తీసినాడు. వేసుకున్నప్పుడు ఎట్లుండాదో అట్లనే ఉండాది. దాన్ని చూసినాడు, అక్కను చూసినాడు, నన్ను చూసినాడు. "అయితే ఆ దినం మర్రిపాడుకు తెచ్చింది..."

అక్కకు అర్థమైపోయింది. "అది కూడా మీ పాపే చేసిందన్నా, నేను ఊరికే పక్కన కూర్చున్నా" అనేసింది. ఎంత మంచిది. కానీ నాయన నవ్వతా ఉండాడు. పళ్లులేని నోరంతా తెరిచి, కళ్లల్లో నీళ్లు వచ్చేట్టు నవ్వినాడు. అమ్మ ఉన్నప్పుడు నవ్వినట్టు నవ్వినాడు. నాకు సిగ్గు పోయి నేనూ నవ్వినాను.

నవ్వి నవ్వి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "మంచి గోధుమలు మిగిలుండాయామే?"

"ఉండాయి నాయనా."

"నానబెట్టు. మూడు దినాలంట కదా. ఆయమ్మ పక్కన కూర్చుని చెప్తాది, నువ్వు చెయ్యి. తినే పోతా."

బస్సు మా ముందరే పోయింది. నాయన తల తిప్పి కూడా చూడలేదు. గొర్రెల మాటే లేదు. నాయన ఇప్పుడు మా ఆయన లుంగీ ఒకటి కట్టుకుని, మా ఇంట్లో గోధుమల గిన్నె పక్కన కుర్చీ వేసుకుని కూర్చోనుండాడు.

రేపు పాలు తీయాల. సరిగ్గా కుదిరితే నాయన తిని ఎల్లుండి పొద్దున బస్సెక్కేస్తాడు. చెడిపోతే ఇంకో మూడు దినాలు ఉంటాడు. మరి చెడగొట్టడం అంటారా, అది నాకు మస్తాన్‌బీ అక్క కాదు కదా, ఎవరూ నేర్పించాల్సిన పనిలేదు.