మేనమామ సరే అనాలి

కరోనా తగ్గి హాస్టళ్లూ కోచింగ్ సెంటర్లూ మళ్లీ కిటకిటలాడిన ఏడాది, జూన్‌లో, చైతన్యపురిలోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కౌన్సెలర్‌గా చేరాను. అంతకుముందు నా ఉద్యోగమంతా ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో సోషల్ వర్కర్‌గా గడిచింది. డాక్టరు జబ్బును చూస్తాడు. ఆ జబ్బుతో ఇంటికెళ్లే మనిషికి ఇంట్లో, బడిలో ఏ సాయం కావాలో చూడటం సోషల్ వర్కర్ పని. ఆ పని నాకు బాగా వచ్చు. వినయం కోసం రాదని చెప్పను.

కాలేజీలో నాకు మెట్ల కింద గది ఇచ్చారు. మౌనికను అక్కడికి పంపింది ఫిజిక్స్ లెక్చరర్. ఇంటర్ మొదటి సంవత్సరం. చక్కగా చదివే పిల్లే, కానీ వారాంతపు పరీక్ష ఉన్న రోజు పొద్దున్నే వాంతులు, చేతుల వణుకు, ఊపిరాడకపోవడం. పరీక్ష ఎగ్గొట్టడానికి నాటకాలు మేడం అన్నారు ఆయన. నాటకానికి చూసేవాళ్లు కావాలి, ఈ పిల్ల బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకుని ఏడుస్తోంది కదా అన్నాను. ప్రిన్సిపాల్ మాత్రం దసరా సెలవుల్లోగా పరీక్షలు రాయకపోతే టీసీ ఇచ్చి పంపేస్తామని తేల్చేశారు.

కౌన్సెలర్ మందులు రాయకూడదు. మాట్లాడి, అవసరమనిపిస్తే మానసిక వైద్యుడికి రెఫరల్ చీటీ రాయాలి. పద్దెనిమిది నిండని పిల్లలకైతే పెద్దల ఒప్పుదల తప్పనిసరి. మౌనిక తల్లిదండ్రులను పిలిపించాను. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో కిరాయికి ఉంటున్నారు. తండ్రి స్కూలు బస్సు నడుపుతాడు, తల్లి బట్టలు కుడుతుంది. నేను చెప్పిందంతా విని "సరే మేడం" అన్నారు. ఆసుపత్రికి వెళ్లలేదు. మళ్లీ పిలిచాను. మళ్లీ "సరే మేడం". ఆందోళన గురించి తేలిక తెలుగులో ఉన్న కరపత్రం, ఫోన్లో చూసుకునే వీడియోలు, ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ నంబరు అన్నీ ఇచ్చాను. తల్లి కరపత్రాన్ని భద్రంగా సంచిలో పెట్టుకుంది. అప్పుడూ వెళ్లలేదు.

పల్లెటూరి వాళ్లు, సిగ్గుపడుతున్నారని స్టాఫ్ రూమ్‌లో తీర్పు చెప్పేశారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. సిగ్గుపడేవాళ్లు పిలిచినప్పుడల్లా పని మానుకుని రారు. ఈసారి తల్లిని ఒక్కదాన్నే కూర్చోబెట్టి, ఈ సంగతి ఇంట్లో ఇంకెవరితో మాట్లాడారని అడిగాను.

"ఎవ్వలతోని మాట్లాడలే మేడం. మా అన్నకు చెప్పకుంట దవాఖానకు ఎట్ల పోతం? చెప్పాల్నంటె భయమైతుంది. బిడ్డను గీ కాలేజీల ఏసిందే ఆయన."

చిక్కుముడి అక్కడుంది. వాళ్లను పట్నం తెచ్చి, ఇల్లు చూపించి, తండ్రిని పనిలో పెట్టించింది ఆ మేనమామే. పిల్లకు చెవులు కుట్టించిన నాటి నుంచి కాలేజీ దాకా ఆయన మాటే. మేమేమో తల్లిదండ్రులను మాత్రమే పిలుస్తూ నేల విడిచి సాము చేస్తున్నాం.

పిల్ల సంగతి బయటి మనిషికి చెప్పాలంటే పిల్లనూ అడగాలి. అది మా వృత్తి నియమం. మౌనికను అడిగాను.

"మామ కోపం చేస్తడు మేడం," అంది. మళ్లీ తనే, "మీరు పక్కన ఉంటరా?" అంది. ఉంటానన్నాను.

ఆదివారం ఆమెనూ తల్లిదండ్రులనూ వెంటబెట్టుకుని పెద్ద అంబర్‌పేట్‌లో హైవే పక్కనున్న ఆయన టైర్ల దుకాణానికి వెళ్లాను. ఆయన కుర్చీలు వేయించి, చాయ్ తెప్పించాడు. విషయం వినగానే మొహం ముడుచుకున్నాడు.

"మా పిల్లకు పిచ్చి అంటున్నరా మేడం?"

కాదన్నాను. భయం ఒంట్లో ఏమేం చేస్తుందో చెప్పాను. తగ్గుతుందని, చదువు ఆగదని, ముందు మాటలతోనే వైద్యమని, అవసరమైతేనే మందులని చెప్పాను. దసరా గడువునూ దాచలేదు. బతిమాలలేదు. బతిమాలితే బేరమాడుతున్నామనుకుంటారు.

ఆయన చెల్లెలి వైపు తిరిగాడు. "ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలే?"

జవాబు మౌనిక చెప్పింది.

"మామా, పరీక్ష హాల్ల కూసుంటె నాకు నీ మొఖమే యాదికొస్తది. దుకాణంకు ఒచ్చినోళ్లందరికి మా కోడలు డాక్టరైతది అని చెప్తవ్ గద."

ఆయన చల్లారిన చాయ్ పక్కన పెట్టి, నా వైపు చూశాడు. "రేపు పొద్దుగాల నేనే తీస్కపోత. ఏ దవాఖాననో చెప్పున్రి."

తీసుకెళ్లాడు. డాక్టరు పరీక్షల ఆందోళన అని తేల్చి, మాటల వైద్యం మొదలుపెట్టారు. కాలేజీలో లెక్చరర్లను కూర్చోబెట్టి, మార్కులు క్లాసులో పైకి చదవొద్దని, భయపడే పిల్లను తలుపు పక్కన కూర్చోనివ్వమని, మొదట్లో నా గదిలోనే పరీక్ష రాయించమని వివరించాను. అందరికీ ఇలా చేస్తే కాలేజీ నడుస్తుందా అని ఫిజిక్స్ ఆయన సణిగారు. నడిచింది. దసరాకు ముందు చివరి పరీక్షను మౌనిక అందరితోపాటు హాల్లో కూర్చుని రాసింది. మార్కులు అంతంతమాత్రం. టీసీ మాట మళ్లీ రాలేదు.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా, ఏ కుటుంబం వచ్చినా మొదట అడిగిన ప్రశ్న ఒకటే: మీ ఇంట్లో ఎవరు సరే అంటే పనవుతుంది? పిల్లను మాత్రం విడిగా ఇంకోటి అడిగేదాన్ని: పరీక్ష హాల్లో నీకు గుర్తొచ్చే మొహం ఎవరిది? చాలాసార్లు రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే మనిషి.