రిజిస్టరులో ‘సె’ అక్షరం

ఈ సంగతి రాసిపెట్టకపోతే నాకు మనసొప్పదు. ఆ రిజిస్టరు చిత్తుకాగితాల్లో కలిసిపోయి చాలా ఏళ్లయింది. అందులో ‘సె’ అని రాసిన చెయ్యి మాత్రం నాదే, ఇంకా నా దగ్గరే ఉంది.

అవి ఎనభైల చివరి సంవత్సరాలు. షోలాపూర్‌లో అశోక్ చౌక్ వెనుక సందులో మా తెలుగువాళ్ల చదువుగది ఉండేది. నేను మరమగ్గం నడిపేవాణ్ని. నా చదువంతా ఆ గదిలోని మూడు బీరువాలే. పెద్ద బడికి వెళ్లినవాళ్లకు తెలియనివి నాకు తెలుసని కొంచెం గర్వం కూడా. సెలవు రోజు మధ్యాహ్నం, పదో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కట్టే పిల్లలకు చరిత్ర చెప్పేవాణ్ని. పుస్తకాలు ఇచ్చి రిజిస్టరులో రాసే పనీ నాదే.

ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ సగం నిద్రలోలా కనిపిస్తాయి. మగ్గాలు ఆగినా చెవుల్లో వాటి చప్పుడు ఆగేది కాదు. కిటికీలోంచి పడే ఎండలో దూది నూగు తేలుతూ ఉండేది, ఎక్కడా వాలడానికి తొందర లేనట్టు. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ నుంచి వచ్చే అమ్మాయిలు ఒళ్లో చేట పెట్టుకుని, బీడీలు చుడుతూనే వినేవాళ్లు.

ఒకనాడు తెల్లదొరల చట్టం ఒకటి చెప్పాను. కొన్ని సంచార జాతుల్లో, అడవి జాతుల్లో పుట్టినవాళ్లందరినీ పుట్టుకతోనే దొంగలుగా రాసిపెట్టిన చట్టం. మన ఊళ్లోనే ముళ్లతీగ కంచె వేసి, అందులో వాళ్లను ఉంచి, మిల్లు పనికి పంపి, పూటపూటకీ హాజరీ తీసుకున్నారని చెప్పాను. ఆ చోటును ఊరంతా ఇప్పటికీ సెటిల్‌మెంట్ అనే పిలుస్తుంది. “స్వరాజ్యం వచ్చినంక చట్టం పోయింది, కంచె తీసేసిండ్రు” అని గొంతు పెంచి ముగించాను.

వెనక వరుసలో, ఆ జాతుల్లో ఒకటైన పార్ధీల అమ్మాయి ఒకతె కూర్చునేది. వాళ్ల ఇల్లు ఆ సెటిల్‌మెంట్‌లోనే. మా వీధుల్లో ఆడుకుంటూ పెరిగింది కనుక మా తెలుగే మాట్లాడేది. లేచి వచ్చి, నా ముందున్న రిజిస్టరు మీద వేలు పెట్టింది.

“సార్, నా పేరు పక్కకు ఈ ‘సె’ ఏంది?”

నేను నోరు తెరవకముందే చేట పట్టుకున్న అమ్మాయి ఒకతె నవ్వింది. “సెలవు గదనే! నువ్వు ఎన్నడన్న పుస్తకం ఇంటికి తీస్కపోయినవా? నీకు ఎప్పటికి సెలవే.”

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

“సెలవు కాదు, సెటిల్‌మెంట్. ‘సె’ ఉన్నోళ్లు పుస్తకం తీస్కపోవాల్నంటే ఇద్దరు పెద్దోళ్లు జామీను సంతకం పెట్టాలె అన్నరు. మాకు ఎవరు పెడ్తరు? మా నాయినమ్మ, మా ఆజీ, ఆ కంచె గేటు కాడ హాజరీ ఇచ్చేటిది. కంచె తీసేసిండ్రు అంటివి గద సార్. పరీక్షకు నెల రోజులే ఉన్నది. ఇంటికాడ ఏం జూసి చదవాలె?”

ఆ ‘సె’ నేను మొదలుపెట్టింది కాదు. నాకంటే ముందు ఎవరో రాశారు. ఏటేటా కొత్త రిజిస్టరు కుడుతూ, ఆ అక్షరాన్ని నేను చక్కని దస్తూరితో ఎక్కించాను. అది చట్టంలోని మాటేనని నాకు ఒక్కసారీ తోచలేదు.

ఆ సాయంత్రమే కొంతం చౌక్‌లో బట్టల దుకాణం ఉన్న పెద్దాయన దగ్గరికి వెళ్లాను. చదువుగది నడిపేది ఆయనే.

“కాకా, ఈ జామీను రూలు ఎవరు పెట్టిండ్రు?”

“ఎవరు పెడ్తె ఏంది? నేను రాకముందుకెల్లి ఉన్నది.”

“ఆ సెటిల్‌మెంట్ పిల్ల ఇక్కడనే చదువుతది, ఒక్క పుస్తకం పోగొట్టలే.”

“పోగొట్టిందని నేనన్ననా? రూలని అన్న.”

ఆయన చెడ్డవాడు కాదు. నాకు చాయ్ తెప్పించాడు కూడా.

మరుసటి వారం రిజిస్టరు తెరిస్తే ప్రతి పేరు పక్కనా ‘సె’ ఉంది. పిల్లలు నాకంటే ముందొచ్చి రాసేశారు. మగ్గాల సేటు కొడుకు మాత్రం, వాళ్ల నాన్న చూస్తాడేమోనని, పెన్సిల్‌తో రాశాడు.

“అందరం సెటిల్‌మెంటోళ్లమే సార్,” అంది ఆ రోజు ‘సెలవు’ అని నవ్విన అమ్మాయే. “ఇగ జామీన్లు దేవులాడుండ్రి.”

పేపరు చదవడానికి వచ్చిన కాకా ఆ పేజీని కళ్లద్దాలకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. “గిన్ని జామీన్లు యాడికెల్లి తేవాలె?” అని గొణిగి, నా కలం లాక్కుని, ఆ ‘సె’ల నిలువు గడిని పైనుంచి కిందిదాకా కొట్టేశాడు. అర్థమై కొట్టాడో, విసుగొచ్చి కొట్టాడో నాకు తెలియదు.

ఆ రోజు ఆ పార్ధీ అమ్మాయి చరిత్ర పుస్తకాన్ని గుండెలకు అదుముకుని, నూగు తేలే ఎండలోంచి నడిచి వెళ్లింది. పరీక్ష అయ్యాక తెచ్చిచ్చింది. లోపల గుర్తుగా కత్తిరించిన బీడీ ఆకు ఒకటి ఉంది, చేట అమ్మాయి ఇచ్చిందట. ఆ పేజీలో ఆ చట్టం గురించి ఉన్నవి రెండే వాక్యాలు. పక్కన సన్నటి పెన్సిల్‌తో ‘ఆజీ’ అని రాసి ఉంది. నేను దాన్ని చెరపలేదు.

పేర్లు రాయను. ఒక పేరు పక్కన ఏం రాయకూడదో అంత ఆలస్యంగా తెలుసుకున్నవాణ్ని. కానీ బీడీ ఆకు ఇచ్చిన అమ్మాయికి, పెన్సిల్‌తోనైనా రాసిన పిల్లవాడికి, గీత కొట్టిన కాకాకు, వేలు పెట్టి అడిగిన ఆమెకు, గేటు దగ్గర నిలబడ్డ వాళ్ల ఆజీకి నా దండాలు.