గుమ్మడికాయకు మొదటి గాటు

మా చిన్నప్పుడు… నిండు గుమ్మడికాయకు ఆడవాళ్లు కత్తి పెట్టేవాళ్లు కాదు. మొదటి గాటు ఇంటి మగవాడే పెట్టాలి. ఆ తర్వాత ముక్కలు కోసేది, కూర వండేది, గింజలు ఏరి ఎండబెట్టేది అంతా ఆడవాళ్లే… ఆ ఒక్క గాటు మాత్రం మగవాడిది.

మాది పుంగనూరు పక్కన పల్లె. యుద్ధం జరుగుతున్న రోజులు. నాయన కోలారు బంగారు గనుల్లో పని చేసేవాడు. ఇంట్లో అవ్వ, అమ్మ, నేను, ఇంకా మాటలు సరిగా రాని తమ్ముడు నాగప్ప… అంతే.

ఆ ఏడు దసరాకు ముందు నాగప్పకు కడుపు ఉబ్బింది. కాళ్లూ చేతులూ పుల్లల్లా అయ్యాయి. గోడ మన్ను గీకి తినేవాడు. నిద్రలో పళ్లు కొరికేవాడు. సంగటి ముద్ద నోట్లో పెడితే ఉమ్మేసేవాడు.

"కడుపులో పురుగులు ఉండాయి. గుమ్మడి గింజలు పెడితే పోతాయి" అంది అవ్వ.

దసరా నాటికి కాయ పండి గింజ ముదురుతుంది. ఆ గింజలు ఎండబెట్టి, పొట్టు తీసి, బెల్లంతో నూరి పరగడుపున పెట్టడం… వెనకాలే ఆముదం తాగించడం… పిల్లలకు మా ఇంటి వైద్యం అదే.

కాయ ఉంది. మా కొట్టం పైకి పాకిన తీగకు కాసినదే… ఇంట్లో మూలన గడ్డి మీద పెట్టి ఉంది. గాటు పెట్టే మగవాడే లేడు. దసరాకు నాయన వస్తాడు కదా అని ఎదురుచూశాం. సాయంత్రం కాగానే అమ్మ నాగప్పను చంకనేసుకుని రోడ్డు దాకా పోయేది. బస్సు వెళ్లిపోయాక తిరిగి వచ్చేది.

నాయన రాలేదు. ఆయనతో పాటు గనిలో పనిచేసే పక్కూరి మనిషి వచ్చి కబురు చెప్పాడు… సెలవు దొరకలేదట, దీపావళికి చూస్తాడట. అప్పటికి నాగప్ప ఏడవడం కూడా మానేశాడు.

ఎదురింటి మునెప్ప మామ వచ్చి, "నేను గాటు పెట్టేదా అవ్వా?" అన్నాడు.

అవ్వ ఒప్పుకోలేదు. "ఈ ఇంటి మొగోడు బతికే ఉండాడు కదప్పా. వేరేవాళ్ల చేత యాల పెట్టించేది?" అంది. బయటివాడు గాటు పెడితే ఈ ఇంట్లో మగవాడు లేడని చెప్పుకున్నట్టేనని ఆమె భయం. కొడుకు భూమి లోపల పని చేస్తుంటే అలాంటి భయం ఊరికే పోదు.

ఆ మధ్యాహ్నం అమ్మ మచ్చుకత్తి చేతిలోకి తీసుకుంది. "నేనే కోస్తాను అత్తా. ఏ పాపమొచ్చినా నాకే రానీ."

"నీకొస్తే సరే. గనిలో ఉండేవానికొస్తే?" అంది అవ్వ.

అమ్మ కత్తి కింద పెట్టి, గడపలో కూర్చుని ఏడ్చింది. ఒక పక్క కొడుకు, ఇంకో పక్క మొగుడు… ఎవరు కావాలంటే ఏం చెబుతుంది? నాకు అవ్వ మీద ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ కొంచెం మండుతుంది, చెప్పొద్దూ.

గోనెపట్ట మీద పడుకున్న నాగప్ప అప్పుడు మెల్లగా పాక్కుంటూ పోయి గుమ్మడికాయకు ఆనుకున్నాడు. గోడ మన్ను గీకినట్టే దాన్నీ గోటితో గీకాడు. అవ్వ వాణ్నే చూస్తూ కూర్చుంది.

"ఏమ్మే, ఈడేమన్నా ఆడపిల్లా?" అంది అమ్మతో.

అమ్మకు అర్థం కాలేదు.

"మొగోన్ని ఇంట్లో పెట్టుకొని మొగోడు లేడని ఏడుస్తాండాము. కత్తి ఇట్ల తీసకరా."

అవ్వ వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. కత్తి పిడి వాడి గుప్పిట్లో పెట్టి, పైన తన చెయ్యి వేసి నొక్కింది. బలం అవ్వది, పేరు వాడిది. కాయ పగిలిన చప్పుడుకు వాడు నవ్వాడు. అమ్మ ఏడుస్తూనే గింజలు ఏరింది.

గింజల మహిమో, ఆముదం మహిమో… వాడు బతికాడు. పురుగులు పడిపోయాక సంగటి ఇంకా కావాలని అడిగాడు. దీపావళికి నాయన వచ్చి, గుమ్మడికాయ ఎవరు కోశారని అడిగితే అవ్వ నాగప్పను చూపించింది.

అప్పటినుంచి ఆ పని వాడిదే. నేను పెళ్లయి మదనపల్లెకు వచ్చినా, వాడు కుప్పంలో స్థిరపడినా, దసరాకు బస్సెక్కి వచ్చి మా ఇంటి కాయకు గాటు పెట్టి పోయేవాడు. మా ఆయన ఉన్నన్నాళ్లూ "నేను మగవాణ్ని కానా?" అని ఎగతాళి చేసేవాడు. పోయిన ఏడు దసరాకు నాగప్పకు కత్తి నొక్కే బలం చాలకపోతే, పైన నా చెయ్యి వేసి నొక్కాను. ఇద్దరికీ అవ్వ గుర్తొచ్చింది.

ఇప్పుడు గుమ్మడి గింజలు గుండెకు మంచివని, నిద్రకు మంచివని ఫోన్లో రోజూ ఎవరో ఒకరు పంపుతూనే ఉన్నారు. పొట్టు తీసినవే ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. మనవరాలు తెచ్చిపెట్టింది, తింటున్నాను. మంచివే కావచ్చు… ఎవరి కోసమూ ఎదురుచూసే పని లేదు. నిద్ర మాత్రం పట్టడం లేదు.

నాగప్ప ఈ వేసవిలో పోయాడు. అయినా దసరాకు అలవాటు పోక నిండు కాయ కొన్నాను. పండగ అయిపోయినా అది మూలనే ఉండిపోయింది. ఇంక చూసి చూసి ఓపిక లేక నిన్న నేనే కత్తి తీసుకున్నాను. పిడి మీద చెయ్యి వేశాను… కింద వాడి చెయ్యి లేదు.

కోశాను. ఏమీ కాలేదు… కావడానికి ఇప్పుడు మా ఇంట్లో మగవాడెవరున్నారు?

గింజలు చేటలో ఆరుతున్నాయి. మీ ఇళ్లలో మొదటి గాటు ఎవరు పెట్టేవాళ్లో రాయండి, చదువుతాను. ఆ మనిషి ఇంకా ఉంటే మాత్రం… ఈసారి కాయ వాళ్ల చేతే కోయించండి.