ఎడమ చెంపలో పుండు

నేను కన్వేయర్ బెల్టుల వర్క్‌షాపులో పనిచేస్తాను. మోటారు పాడయ్యే ముందు వేడి, చప్పుడు, అదురు తేడాగా ఉంటాయి. ఆ తేడాను తేదీ వేసి రాయడం నా పనిలో భాగం.

బాపు విషయంలోనూ అలాగే రాశాను. మా నాన్న భూగర్భ గనిలో కార్మికుడు. లోపలికి బీడీ, అగ్గిపెట్టె తీసుకెళ్లకూడదు కాబట్టి దిగేవాళ్లలో చాలామంది తంబాకు, సున్నం నలిపి చెంపలో పెట్టుకుంటారు. బాపుది ఎడమ చెంప.

మొదట తేడా తిండిలో కనిపించింది. కుడివైపే నమిలేవాడు. కూరలో కారం ఎక్కువైందని రోజూ అమ్మతో తగువు. అదే కూర మాకు చప్పగా ఉండేది. తరువాత చెంప లోపల తెల్లటి మచ్చ, దాని అంచున పుండు చూశాను. సున్నంతో కాలిందన్నాడు. అలా కాలిన పుండు పదిరోజుల్లో మానాలి. ఇది నాలుగో వారం. నోరు తెరిస్తే మూడు వేళ్లు నిలువుగా పట్టాలి, ఆయనకు రెండే పట్టాయి. ఇదంతా కాగితం మీద రాసి, దవాఖానకు పోదామన్నాను.

పక్క క్వార్టర్ కాక అప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు. బాపుది, ఆయనది ఒకే షిఫ్టు, ఒకే తంబాకు డబ్బీ. కాగితం చూసి నవ్వాడు.

"ఏందిరా, బాపును అన్‌ఫిట్ జేపిచ్చి ఆ కొలువు నువ్వెక్కుదామనా?"

ఇక్కడ తండ్రి జబ్బుతో పనికి అనర్హుడని తేలితే కొడుక్కి ఉద్యోగం రావచ్చు. నాది కాంట్రాక్టు పని అని అందరికీ తెలుసు. బాపు కాగితం జేబులో పెట్టుకున్నాడు. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పదహారు రోజులు.

పదిహేడో రోజు ఆయనే డ్యూటీకి పోకుండా "బండి తియ్" అన్నాడు.

ఎన్నాళ్ల నుంచి అని డాక్టర్ అడిగితే బాపు ఆ కాగితం ఇచ్చాడు. నా రాత కింద ఆయన రాత ఉంది. ఎడమ చెవిలో పోటు. దవడ కింద శనగ గింజంత గడ్డ. పుండు నుంచి రెండుసార్లు రక్తం. ప్రతిదానికీ తేదీ, షిఫ్టు.

"గిదంత ఎప్పుడు రాసినవ్ బాపు?"

"నువ్వు అడుగుడు బంద్ జేసినంక."

ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సరే అని తేలింది. ఆపరేషన్ చేయగల దశలోనే ఉందన్నారు. చెంపలో కొంత, మెడలో గ్రంథులు కొన్ని తీసేశారు. ఆ పదహారు రోజులు ఏమైనా మార్చాయా అని నేను డాక్టర్‌ను అడగలేదు.

ఇంటికొచ్చాక కాక చూడటానికి వచ్చాడు. బాపుకు ఇంకా మాట రావడం లేదు. మూడు వేళ్లు నిలువుగా చూపించి, కాక నోటివైపు సైగ చేశాడు. కాక గోడవైపు తిరిగి తన నోట్లో వేళ్లు పెట్టి చూసుకున్నాడు.

"రేపు నీ బండి ఖాళీయేనా?" అని నన్నడిగాడు.