ఎడమవైపు మాట

వైర్ ఇయర్‌ఫోన్లతో నాకు మొదటి నుంచీ పడలేదు. ఏది కొన్నా ఎడమవైపు సన్నగా పలికేది, తర్వాత కొన్నవాటికి అదీ లేదు. అదేం చిత్రమో, ఎప్పుడూ ఎడమవైపే. మన బజార్లో దొరికే సరుకు ఇంతే అని తిట్టుకుని, కుడిదాంతో నెట్టుకొచ్చేదాన్ని. చివరికి ల్యాప్‌టాప్‌లో పిన్ను గుచ్చే చోటే పాడైపోయింది. ఇక తప్పక వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ తెప్పించుకున్నాను.

వినడమే నా పని మరి. ఫ్రిజ్ చెడిపోయిందనో పార్సిల్ రాలేదనో జనం కస్టమర్ కేర్‌కు ఫోన్లు చేస్తారు కదా, ఆ రికార్డింగులు కరీంనగర్‌లో ఒక చిన్న ఆఫీసుకు వస్తాయి. నాలాంటి వాళ్లం ఎవరింట్లో వాళ్లం కూర్చుని, విని, ఎవరేమన్నారో టైపు చేసి పంపిస్తాం. నేను బెల్లంపల్లిలో మా ముందర గదిలో చేస్తాను. ఈ పని పోతే ఈ ఊళ్లో నాకు ఇంకో పని దొరకదు. గనులే ఒక్కొక్కటిగా మూతపడుతున్న ఊరు, నా డిగ్రీకి ఇక్కడ ఏం ఉద్యోగం కాచుకుని ఉంటుంది.

మా ఇల్లు మాత్రం వినే పనికి బొత్తిగా పనికిరాదు. బాపు, అంటే మా నాన్న, గనిలో డ్రిల్లు మిషన్ పట్టిన మనిషి. వినికిడి అక్కడే వదిలేసి వచ్చాడు. మా వాడకట్టులో ఆయన తోటివాళ్లు చాలామంది అంతే. అందుకని మా దగ్గర మాట్లాడుకోవడం అంటే అరుచుకోవడమే. కొత్తవాళ్లు గడపలోకి రాగానే ఏదో కొట్లాట జరుగుతోందనుకుని వెనక్కి తగ్గుతారు. మా టీవీ పెడితే పక్కింటివాళ్లు వాళ్లది పెట్టుకోనక్కర్లేదు.

మా అమ్మను అవ్వ అనే పిలుస్తాను. అవ్వకు రెండు గొంతులు. ఒకటి బాపు కోసం, గల్లీ చివరిదాకా పోయేది. రెండోది నా ఒక్కదాని కోసం. సాయంత్రం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నా పక్కన చేరి, బాపు మీద ఉన్న కోపమంతా ఆ చిన్న గొంతుతో చెప్పుకుంటుంది. బాపు ఎదురుగానే ఉంటాడు, ఆయనకేమీ తెలియదు. "గింత మొండి మనిషిని నేనేడ సూడలేదే బిడ్డా" అని నవ్వుతుంది. ఈ మధ్య ఆమె చెప్పేదాంట్లో సగం నాకు అందడం లేదు. అవ్వకు వయసు మీద పడింది, గొంతు సన్నబడింది అనుకున్నాను.

ఇయర్‌బడ్స్ వచ్చిన రోజు నుంచీ తంటాలే. డబ్బా మూత తెరవగానే అవి నా ఫోన్‌ను వెతుక్కుంటూ పోయి అతుక్కునేవి. ల్యాప్‌టాప్‌ను చూడనైనా చూడవు. ఫోన్‌లో బ్లూటూత్ బంద్ చేశాను. ల్యాప్‌టాప్ లిస్టులో పక్కింటివాళ్ల టీవీ కనబడింది, ఎవరిదో స్పీకర్ కనబడింది, నా ఇయర్‌బడ్స్ తప్ప అన్నీ కనబడ్డాయి. డబ్బా మీది బటన్ లైటు మిణుకుమిణుకుమనేదాకా నొక్కి పట్టుకోవాలట. పట్టుకున్నాను. పేరు కనబడింది, కనెక్ట్ కాలేదు. ఆ పేరు తీసేసి మళ్లీ జత చేశాను. ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టాను. ఏ మంత్రం పారిందో తెలియదు, చివరికి కనెక్ట్ అయింది. పెళ్లి కుదిరినంత సంతోషపడ్డాను.

ఆ సంతోషం మొదటి ఫైల్ తెరిచేదాకే. కస్టమర్ కేర్ పిల్ల గొంతు కుడి చెవిలో గంట కొట్టినట్టు వినబడింది. "చెప్పండి మేడం, మీ సమస్య ఏమిటి?" ఆ తర్వాత నిశ్శబ్దం. "మోడల్ నంబరు చెప్తారా?" మళ్లీ నిశ్శబ్దం. అన్నీ ప్రశ్నలే, ఒక్క జవాబు లేదు.

ఆఫీసులో మా పని చూసే కుర్రాడు ఒకడున్నాడు, తమ్ముడూ అని పిలుస్తాను. అతనికి ఫోన్ చేశాను. "ఫైల్ మంచిగనే ఉందక్కా. గీ కొత్త ఫైళ్లల్ల కస్టమర్ మాట ఎడమవైపు, మనోళ్ల మాట కుడివైపు వస్తది. నీ ఎడమ బడ్ సరిగ్గ పెయిర్ కాలేదేమో, జర చూడు" అన్నాడు. ఇంతకుముందు ఫైళ్లలో రెండు గొంతులూ కలిసే వచ్చేవి. ఆ మాటే అన్నాను. "ఇప్పుడు అన్ని గిట్లనే వస్తున్నయ్. రేపటి వరకు ఇయ్యకుంటే వేరేటోళ్లకు పోతయక్కా" అని పెట్టేశాడు.

ఇక రెండో యుద్ధం మొదలైంది. రెండు బడ్స్‌నూ డబ్బాలో పెట్టి రీసెట్ చేశాను. దూది పుల్లతో ఎడమదాని జల్లెడ తుడిచాను. ల్యాప్‌టాప్‌లో ఎడమ కుడి శబ్దాలు సమానంగా ఉన్నాయో లేదో చూశాను, ఉన్నాయి. సౌండ్ డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుందట, అదీ అప్‌డేట్ చేశాను. సౌండ్ వచ్చే చోట నా ఇయర్‌బడ్స్ పేరు రెండుసార్లు ఉంది. హ్యాండ్స్‌ఫ్రీ అని ఉన్నదాన్ని నొక్కితే ఇద్దరి గొంతులూ వచ్చాయి, కానీ బాయిలోంచి మాట్లాడినట్టు, ఒక్క ముక్క తెలియలేదు. హెడ్‌ఫోన్స్ అని ఉన్నదాన్ని నొక్కితే గొంతు శుభ్రంగా వచ్చింది, అదీ ఒకరిదే.

ఎడమదాన్ని తీసి కుడి చెవిలో పెట్టుకుంటే తేలిపోయేది కదా అని మీకు తోచవచ్చు. నాకూ తోచింది. ఆ బడ్‌ను రెండుసార్లు చేతిలోకి తీసుకుని మళ్లీ డబ్బాలో పెట్టాను. నాకు భయమేసింది. వస్తువు చెడిపోతే ఇంకోటి తెప్పించుకోవచ్చు.

"ఏందే, పొద్దటి సంది గా డబ్బ మూత తీసుడు పెట్టుడే అయితుంది నీది" అని అవ్వ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఎడమది పని చేస్తలేదవ్వా" అన్నాను. "దా, నా చెవుల పెట్టు, నేను సూస్త" అంది. ఆమెకు ఇదేదో ఆటలాగా ఉంది. ఆఫీసు ఫైళ్లు ఎవరికీ వినిపించకూడదు, అయినా పెట్టాను. ఎడమది ఆమె చెవిలో, కుడిది నా చెవిలో. ఫైల్ నడిపించాను.

నాకు ఆ కస్టమర్ కేర్ పిల్ల ప్రశ్నలు. అవ్వ ముఖం చూస్తున్నాను. మొదట నవ్వు ముఖమే. తర్వాత నవ్వు పోయింది, చెవి దగ్గర చేయి అడ్డం పెట్టుకుంది.

"ఇనబడుతుందా?" అని అడిగాను.

"మంచిగనే ఇనబడుతుంది. ఎవలో ఆడామె. ఫ్రిజ్ల షుగర్ సూదిమందు ఉన్నదట, ఖరాబైతదని ఏడుస్తుంది పాపం. గంత మొత్తుకుంటుంటే ఎవలు పలుకరేందే?"

బడ్ ఆమె చెవిలోంచి తీసి నా ఎడమ చెవిలో పెట్టుకున్నాను. ఏమీ లేదు. అవ్వ ఇంకా ఆ ఆడామె గురించే మాట్లాడుతోంది. నా కళ్లు చూసి ఆగిపోయింది.

కరీంనగర్ ఆస్పత్రిలో అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. ఎడమ చెవి నరం పోయిందట, తిరిగి రాదట. కుడిది కూడా తగ్గడం మొదలైందట. "ఎప్పటి నుంచి వినబడటం లేదు?" అని డాక్టరమ్మ అడిగింది. నేను అవ్వ వైపు చూశాను, అవ్వ నా వైపు చూసింది. అందరూ అరిచే ఇంట్లో ఒక మనిషికి చెవి పోతే ఎవరికి తెలుస్తుంది? "మా ఇంట్ల అందరం గట్టిగనే మాట్లాడుకుంటం మేడం" అంది అవ్వ, తప్పు చేసినదానిలా. ఎడమవైపు పోయిందనుకున్న ఇయర్‌ఫోన్లన్నీ గుర్తొచ్చాయి. వాటిలో ఒక్కటీ పోయి ఉండదు.

గడువు దాటిన ఆ ఫైళ్లు వేరేవాళ్లకు వెళ్లిపోయాయి. ల్యాప్‌టాప్ సెట్టింగ్స్‌లో వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం ఒక చోటు ఉంటుంది, నేనెప్పుడూ తెరిచి చూడలేదు. మోనో ఆడియో అని ఉన్న బటన్ నొక్కితే రెండు వైపుల మాటా ఒకే చెవిలోకి వస్తుంది. ఇప్పుడు అలాగే చేస్తున్నాను. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాట ఎవరిదో తేలదు, తప్పులు పడుతున్నాయి. ఆ తమ్ముడు ఇదివరకులా ఫోన్ చేయడం లేదు, పని కూడా తగ్గించాడు. ఇంకెన్నాళ్లు ఇస్తాడో తెలియదు.

ఆస్పత్రి నుంచి ఊరికి తిరిగొచ్చిన సాయంత్రం అవ్వ చిక్కుడుకాయలు తెచ్చుకుని, గుర్తుపెట్టుకుని నా కుడిపక్కన కూర్చుంది. బాపు ఎదురుగా టీవీ చూస్తున్నాడు. అవ్వ నా వైపు వంగి, ఊపిరి పీల్చుకుని, గల్లీ చివరిదాకా వినబడేట్టు అరిచింది.

"ఇయ్యాల మీ బాపు ఏం జేసిండో ఎరికేనా!"

బాపు తల తిప్పాడు. "ఏందీ? నా గురించేనా?"

అవ్వ చిక్కుడుకాయల మీదికి వంగింది. "కుడిపక్క మెల్లగా చెప్పినా ఇనబడతదవ్వా" అన్నాను. తల ఊపింది. కానీ ఆమెకు చెవి పోయిన మనిషంటే ఒక్కటే పద్ధతి తెలుసు, ఎన్నో ఏళ్లుగా చేతనైనది అదే. మర్నాడూ అరిచింది, మళ్లీ బాపు తల తిప్పాడు. ఆ తర్వాత బాపు గురించి చెప్పడమే మానేసింది. ఇప్పుడు కూడా సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చుంటుంది. ఈనెలు తీసి, గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోతుంది.