వద్దన్నవాళ్ళ పుస్తకం

ఏ పని మొదలుపెట్టే ముందైనా మా మేనేజరు పా వార్దోయో ఆఫీసులో ఉన్న ప్రతి మనిషినీ సలహా అడుగుతారు. చెప్పింది చెప్పినట్టు ఒక ఆకుపచ్చ అట్ట పుస్తకంలో రాసుకుంటారు. కింద మన చేత సంతకం పెట్టించుకుంటారు. "చాలా మంచి సలహా" అని నడుం వంచి మరీ థాంక్స్ చెప్తారు. తర్వాత వెళ్ళి సరిగ్గా దానికి వ్యతిరేకంగా చేస్తారు.

వాన పడేలా ఉంది పా, గొడుగు తీసుకెళ్ళండి అంటే రాసుకుని, గొడుగు నా కుర్చీకి తగిలించి వెళ్ళిపోయేవారు. గంట తర్వాత నిలువునా తడిసి తిరిగొచ్చి, మీసాల మీంచి నీళ్ళు కారుతుండగా "నువ్వు చెప్పింది అక్షరాలా నిజం వెనింగ్" అని మెచ్చుకునేవారు. ఆఫీసు గోడలకి వంకాయ రంగు వద్దని పద్నాలుగు మంది సంతకాలు పెట్టారు. ఆ గోడల మధ్యే కూర్చుని ఇప్పుడు ఇది టైపు చేస్తున్నాను.

అన్నిటికంటే వింత ఆ బక్సో బండి. రైల్వే గేటు పక్కన ఉంటుంది. అక్కడి మాంసం ఉండలు కింద పడితే మోకాలి దాకా ఎగురుతాయి. బండివాడు నీళ్ళలో ఉప్పేసి పులుసు అంటాడు. అక్కడ తినొద్దని ఆఫీసంతా చెప్పి, పుస్తకంలో రెండు పేజీలు నింపింది. ఆయన రోజూ పన్నెండున్నరకి అక్కడే.

"ఎలా ఉంది పా ఇవాళ?"

"దరిద్రంగా ఉంది. మీరు ముందే చెప్పారు."

మర్నాడు పన్నెండున్నరకి మళ్ళీ అక్కడే.

మాది సెమరాంగ్‌లో క్రుపుక్ కంపెనీ. రొయ్యల వడియాలు వేయించి, రేకు డబ్బాల్లో నింపి, ఊళ్ళో నాలుగువందల పన్నెండు వారుంగ్‌లకి పంపుతాం. చిన్న బల్ల, నాలుగు స్టూళ్ళు, ఒక పెద్దావిడ, అన్నం గిన్నె ఉంటే అది వారుంగ్. అన్నం పక్కన కరకరలాడేదేదో లేకపోతే మావాళ్ళు పళ్ళెం ముట్టుకోరు. అందుకని డబ్బా అడుగు కనపడగానే పెద్దావిడ మాకు ఫోన్ కొడుతుంది. ఆ ఫోను మోగినంతకాలం మాకు జీతాలు.

ఆ ఫోను దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్ళుగా బు మార్సియెమ్ కూర్చుంటోంది. అవతలివాళ్ళు హలో అనక్కర్లేదు, ఊపిరి పీలిస్తే చాలు.

"బు తుమీనా? జలుబు తగ్గలేదన్నమాట. ఆరు డబ్బాలేగా? పెట్టెయ్, వెళ్ళి ఆవిరి పట్టుకో."

పేరు రాసుకోదు, అడ్రసు రాసుకోదు. అంతా బుర్రలోనే. ఆవిడ కూతురు సముద్రం అవతల లంపుంగ్‌లో ఉంటుంది. మనవడు పుట్టి, నడక నేర్చి, బడికి కూడా పోతున్నాడు. ఆవిడ ఇంకా వాణ్ణి చూడలేదు. ఎందుకంటే ఆవిడ సెలవు పెడితే ఆఫీసులో ఫోను మోగుతుంది గానీ ఎవరు మోగిస్తున్నారో ఎవరికీ తెలీదు.

నేను చేరి మూడో నెల. ఇంకా పర్మనెంట్ కాలేదు. కాలేజీలో కంప్యూటర్లు చదివాను కాబట్టి నాకన్నీ వచ్చని నా నమ్మకం. అప్పుడే మా యజమాని కోహ్ లియోంగ్ ఆర్డర్లు రాసుకోవడానికి ఒక కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నాడు. పా వార్దోయో దాన్ని చూసి, ఫోనుని దీనికి కలిపేద్దాం అన్నారు. ఫోను మోగగానే తెర మీద ఎవరు, ఎక్కడ, ఎన్ని డబ్బాలు అన్నీ వచ్చెయ్యాలి. ఆ మనిషితో కిందటిసారి ఎవరు మాట్లాడారో వాళ్ళ దగ్గరే మళ్ళీ ఫోను మోగాలి. అని, ఆకుపచ్చ పుస్తకం తీశారు.

మొదట సాఫ్ట్‌వేర్ పెట్టడానికి వచ్చిన మాస్ దిపో.

"వద్దు పా. ఆ ఫోను సిస్టమ్ వయసులో నాకంటే పెద్దది. ముందు మీ లిస్టు శుభ్రం చెయ్యండి. ఆర్నెల్లు ఇది విడిగా వాడండి. తర్వాత చూద్దాం. రంజాన్ ఉపవాసాల నెల ముందైతే అస్సలు ముట్టుకోవద్దు, ఆ హడావిడి నాకు తెలుసు."

"చాలా మంచి సలహా. ఉపవాసాలు ఎప్పుడు మొదలు?"

"ఇంకో పది రోజులు."

"అయితే సోమవారం కలుపుదాం. ఇక్కడ సంతకం పెట్టు."

తర్వాత బు మార్సియెమ్. "నా చెవులు బాగానే ఉన్నాయి కదా, తీగలెందుకు? వద్దు" అని సంతకం గీకి పారేసింది.

తర్వాత గేటు దగ్గర కాపలా ఉండే పా కాసిమన్.

"నాకు ఫోన్లతో సంబంధం లేదు పా."

"సంబంధం లేదంటే వద్దన్నట్టేనా?"

"మీరెట్లా రాసుకుంటే అట్లా."

"వద్దన్నాడు. సంతకం."

చివర్న నా దగ్గరికి వచ్చారు. నేను కుర్చీలోంచి లేచి నిలబడి మరీ చెప్పాను. "తప్పకుండా కలపాలి పా. లిస్టు మొత్తం నేనే ఎక్కించి పెడతాను."

ఆయన పెన్ను ఆగిపోయింది. "ఇంకోసారి ఆలోచించు."

"ఆలోచించాను పా. అద్భుతంగా ఉంటుంది."

"కాస్త నెమ్మదిగా ఆలోచించి చూడు."

"అక్కర్లేదు పా. సంతకం ఎక్కడ పెట్టమంటారు?"

"పెన్నులో ఇంకు అయిపోయింది" అని పుస్తకం మూసి వెళ్ళిపోయారు. నిమిషం కిందటే పా కాసిమన్ పేరు అదే పెన్నుతో దళసరిగా రాశారు. అప్పుడు నాకది తట్టలేదు.

శనివారం, ఆదివారం కూర్చుని పాత బిల్లుల్లోంచి నాలుగువందల పన్నెండు పేర్లు, అడ్రసులు, డబ్బాల లెక్కలు ఎక్కించాను. అక్కడొక చిక్కు వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్‌కి ప్రతి మనిషికీ రెండు పేర్లు కావాలి. మా జావాలో ముసలివాళ్ళందరికీ ఉండేది ఒక్క పేరే. తుమి అంటే తుమి, అంతే. రెండో గడి ఖాళీగా వదిలితే అది ముందుకి కదలదు. నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. పెద్దవాళ్ళలో మగవాళ్ళని పా అనీ ఆడవాళ్ళని బు అనీ అనకుండా మేం ఎవర్నీ పిలవం కదా. మొదటి గడిలో అది పెట్టేశాను, రెండో గడిలో పేరు. మర్యాదకి మర్యాద, పనికి పని.

అంతా అయ్యాక అది అడిగింది, ఒకేలాంటివి కనబడుతున్నాయి, కలిపెయ్యమంటావా అని. శుభ్రంగా ఉంటుంది కదా అని ఊఁ అనే బొత్తాం నొక్కాను. అది మొదటి గడి మాత్రమే చూస్తుందని నాకేం తెలుసు. నాలుగువందల పన్నెండు మంది రెండు క్షణాల్లో ఇద్దరు మనుషులయ్యారు. ఒక పా. ఒక బు.

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి ఆఫీసులో ఒక్క ఫోనూ మోగలేదు. బు మార్సియెమ్ రిసీవర్ ఎత్తి చూసింది, ఊదింది, తట్టింది. "చచ్చిపోయింది" అంది.

చావలేదు. గేటు దగ్గర మోగుతోంది. కిందటి వారం అందరం భోజనాలకి వెళ్ళినప్పుడు పా కాసిమన్ ఎవరో ఒకావిడ ఫోన్ ఎత్తాడు పాపం. అంచేత ఊళ్ళో ఉన్న ఆడవాళ్ళందరితోనూ కిందటిసారి మాట్లాడింది అతనేనని సిస్టమ్ తేల్చేసింది. ఒకాయన ఫోనూ ఎత్తాడట, మగవాళ్ళ సంగతీ అంతే. మేం వెళ్ళేసరికి టోపీ వెనక్కి పెట్టుకుని, పార్కింగ్ చీటీల వెనకాల ఆర్డర్లు రాస్తున్నాడు.

"ఎవరమ్మా మీరు? ఫోను మీద బు అని నాకూ కనబడుతోంది, ఏ బు? అరవకండి, నేను కాపలా మనిషిని. ఎనిమిది డబ్బాలా? ఎవరికి?"

ఇటు గోడౌన్‌లో సిస్టమ్ చెప్పినట్టు బళ్ళు కదిలిపోయాయి. బు అడ్రసు లిస్టులో మొదట ఉన్న బు పైనెమ్‌ది. కొండ మీద నాలుగు స్టూళ్ళ వారుంగ్. పదింటికి ఆవిడ ఫోన్ చేసింది, అదీ పా కాసిమన్‌కే.

"నాయనా, మూడో బండి వచ్చింది. నా స్టూళ్ళు కనబట్టం లేదు. డబ్బాల వెనక నేనున్నానో లేదో కూడా వీధిలోకి తెలీటం లేదు. ఊళ్ళో ఎవరిదైనా పెళ్ళా?"

మగవాళ్ళ డబ్బాలన్నీ పా దర్సోనో పాత కొట్టుకి వెళ్ళాయి. ఆయన కొట్టు వేరే వీధికి మార్చి రెండేళ్ళయింది. అక్కడిప్పుడు సెలూన్ ఉంది. సగం గడ్డం గీసుకున్న ఒక పెద్దమనిషి బయటికి రావడానికి దారి లేక డబ్బాల మధ్య ఇరుక్కుపోయాడట.

మిగతా నాలుగువందల పదకొండు చోట్లా క్రుపుక్ లేదు.

పన్నెండింటికి కోహ్ లియోంగ్ వచ్చాడు. ఆయన మంచివాడే. కానీ ఏదైనా పాడైతే ఒకటే మాట అడుగుతాడు. "ఎవరు చెప్పారు?" పేరు బయటికొస్తే ఆ మనిషి శుక్రవారం దాకానే ఉంటాడు.

"ఎవరు చెప్పారు ఇది?"

చెయ్యమన్నది నేనొక్కదాన్నే. చేసిందీ నేనే. ఈ ఉద్యోగం పోతే నాన్న చెప్పుల కొట్లో కూర్చోవాలి, వచ్చిన ప్రతివాడూ "కంప్యూటర్లు చదివావు కదమ్మా" అంటాడు. ఒప్పుకుందామని నోరు తెరిచాను. పా వార్దోయో నా కాలు తొక్కి, ఆకుపచ్చ పుస్తకం యజమాని ముందు పెట్టారు.

కోహ్ లియోంగ్ పైకి చదివాడు. "దిపో, వద్దన్నాడు. మార్సియెమ్, వద్దంది. కాసిమన్, వద్దన్నాడు. వెనింగ్, వద్దంది. మూడుసార్లు వద్దంది." తలెత్తాడు. "ఈ పిల్ల సంతకం లేదేం?"

"పెన్నులో ఇంకు అయిపోయింది కోహ్."

"లిస్టు ఎవరు ఎక్కించారు?"

"నేను చెప్పినట్టు ఎక్కించింది. వద్దు వద్దంటూనే."

"అంటే ఆఫీసంతా వద్దంటే నువ్వొక్కడివీ చేశావు."

"అవును కోహ్. మొత్తం నేనే."

"నీకు బుద్ధి చెప్పేవాళ్ళు ఇంతమంది ఉండి..." కోహ్ లియోంగ్ పుస్తకం టపీమని మూశాడు. "శుక్రవారం లోపల బాగుచెయ్యి. లేకపోతే శుక్రవారం నువ్వే వెళ్ళు." వంకాయ రంగు గోడల్ని అసహ్యంగా చూసి వెళ్ళిపోయాడు.

పా వార్దోయో గడియారం చూసుకున్నారు. పన్నెండున్నర. బక్సో తినడానికి వెళ్ళిపోయారు.

నేను బు మార్సియెమ్ బల్ల దగ్గర కూలబడ్డాను. "నేను వద్దన్లేదు బు. చేద్దామన్నాను. ఆయన అబద్ధం రాశారు."

"తెలుసు పిల్లా. ఆ బక్సో బండి ఎవరిదనుకున్నావ్?"

"ఎవరిది?"

"గునాదీది. నీ కుర్చీలో కూర్చునేవాడు. రేకు డబ్బాలెందుకు, ప్లాస్టిక్‌వి కొందాం అని సలహా ఇచ్చాడు. పా వార్దోయో విన్నాడు. వానల్లో సరుకంతా మెత్తబడింది. ఎవరు చెప్పారని కోహ్ అడిగితే, ఈయన అప్పట్లో ఉన్నదున్నట్టు చెప్పే మనిషి, గునాది అన్నాడు. శుక్రవారం గునాది వెళ్ళిపోయాడు. సోమవారం ఈయన ఆ పుస్తకం కొన్నాడు. ఆ రోజు నుంచీ ఎవరి మాటా వినడు. ఏది చెడినా వద్దన్నవాళ్ళం మనం, చేసినవాడు ఆయన." ముక్కు తుడుచుకుంది. "గొడుగు దగ్గర కూడా ఎందుకో మరి. అలవాటైపోయి ఉంటుంది."

తర్వాత ఆవిడ నా కుర్చీ తన పక్కకి లాక్కుంది. "రెండో పేరు కావాలంటుందా ఆ పెట్టె? ఊళ్ళో ఇద్దరు తుమీలుంటే ఎట్లా పిలుస్తాం? వంతెన దగ్గర తుమి, చేపల బజారు తుమి. టైపు చెయ్యి. తుమి, వంతెన. ఆరు డబ్బాలు. తర్వాత సుకీని, సోతో పులుసు అమ్మేది. రావాన్ పులుసు అమ్మే ఇంకో సుకీని ఉంది, అది తర్వాత."

పా వార్దోయో వచ్చి గుమ్మంలో నిలబడి విన్నారు. బు మార్సియెమ్ వేలు చూపించింది. "ఇది నా సలహా. ఇది చెయ్యకపోతే శుక్రవారం మీరు గునాది పక్కన గిన్నెలు కడుక్కోవాలి."

ఆయన పుస్తకం తీశారు, రాశారు, సంతకం పెట్టించుకున్నారు. నేను ఊపిరి బిగబట్టాను. తర్వాత ఆయన కుర్చీ లాక్కుని నా ఇంకో పక్కన కూర్చుని, "తర్వాత ఎవరు?" అన్నారు.

ఆవిడ బుర్రలోంచి నాలుగువందల పన్నెండు మందీ నాలుగు రోజుల్లో బయటికొచ్చారు, ఎవరు ఎక్కడ, ఎవరికి ఎన్ని, ఎవరు అప్పుడప్పుడు అబద్ధాలాడతారు, అన్నీ. పా కాసిమన్ చీటీలు తెచ్చి సరిచూశాడు. మాస్ దిపో "నేను ముందే చెప్పాను" అని రోజుకి పదిసార్లు అంటూ తీగలు సర్దాడు.

శుక్రవారం కోహ్ లియోంగ్ వచ్చి నిలబడ్డాడు. ఫోను మోగింది. ఆఫీసులోనే మోగింది. తెర మీద తుమి, వంతెన, ఆరు డబ్బాలు అని వచ్చింది. ఫోను నేను ఎత్తాను. "బు తుమీ, జలుబు ఎలా ఉంది?" అన్నాను.

అవతల బు తుమి ఓ తుమ్ము తుమ్మింది. "మార్సియెమ్, నీ గొంతు ఇంత లేతగా ఎప్పుడైంది?" అంది.

కోహ్ లియోంగ్ తెర వైపు చూశాడు. అలవాటు కొద్దీ అడిగాడు. "ఎవరు చెప్పారు ఇది?"

పా వార్దోయో పుస్తకం తెరిచి పేజీ చూపించారు. "మార్సియెమ్. సంతకం ఉంది."

"ఆవిడకేం కావాలో కనుక్కో."

"కనుక్కున్నాను కోహ్. మూడు వారాలు సెలవు. లంపుంగ్‌కి టిక్కెట్టు కూడా తీసేశాను."

బు మార్సియెమ్ ఆయన వైపు తిరిగింది. "ఎప్పుడు తీశారు?"

"తీగలు కలపాలనుకున్న రోజే" అని ఆయన పుస్తకం సంచిలో పెట్టుకున్నారు. ఆవిడ మోగని ఫోను ఎత్తి "హలో" అంది.

పన్నెండున్నర అయింది. పా వార్దోయో చెప్పులేసుకున్నారు. నేనూ లేచాను.

"ఎక్కడికి?"

"మీతోనే పా. బక్సోకి."

"వద్దు వెనింగ్. అస్సలు బాగోదు. నా మాట విను."

"చాలా మంచి సలహా పా" అని నడుం వంచి చెప్పి, ఆయన వెనకాలే వెళ్ళాను. బయట సన్నగా వాన పడుతోంది. గొడుగు నా కుర్చీకే వేలాడుతోంది.

గునాది రెండో గిన్నె కడుగుతూ సంబరంగా నవ్వాడు. బక్సో నిజంగానే దరిద్రంగా ఉంది. రేపూ వెళ్తున్నాం.